వార్తలు చదివే మనిషి

కిందటి పాఠంలో దినపత్రిక ఎలా తయారవుతుందో తెలుసుకున్నారు. పత్రికలో వార్త రాసిన విలేకరి మనకు కనిపించడు. టీవీలో అలా కాదు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, మన కళ్లలోకి చూస్తూ, వరద వచ్చిందనో ధరలు పెరిగాయనో చెబుతాడు. రోజూ అదే వేళకు వచ్చే ఆ మనిషి కొన్నాళ్లకు మనింటి చుట్టమైపోతాడు. ఒకరోజు ఆ కుర్చీలో వేరొకరు కనిపిస్తే "ఆయన ఏమయ్యాడు?" అని అడుగుతాం. ఈ పాఠంలో ఆ కుర్చీ కథ తెలుసుకుందాం.

రేడియో నుంచి వచ్చిన అలవాటు

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1965లో రోజువారీ ప్రసారాలు వచ్చాయి. అప్పుడే అయిదు నిమిషాల వార్తలు కూడా మొదలయ్యాయి. వాటిని చదివిన తొలి వ్యక్తి ప్రతిమా పురి. 1976 వరకు టెలివిజన్ ఆకాశవాణిలో ఒక విభాగం మాత్రమే. అందువల్ల వార్తలు చదివే పద్ధతి కూడా రేడియోదే. ముందు తన పేరు చెప్పుకోవాలి. తర్వాత తొణక్కుండా, కోపమూ సంతోషమూ చూపకుండా, ఒక్క అక్షరం మింగకుండా చదవాలి. తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. జాతీయ వార్తల తెలుగు బులెటిన్ ఢిల్లీ ఆకాశవాణి నుంచి వచ్చేది. తర్వాత సినిమా నటుడిగా పేరు పొందిన కొంగర జగ్గయ్య కూడా అక్కడ కొంతకాలం వార్తలు చదివినవారే. ఆ గంభీరమైన గొంతు సినిమాలకంటే ముందు వార్తలకు ఉపయోగపడిందన్నమాట.

టీవీ పల్లెకు చేరడం వేరే కథ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఆ ఉపగ్రహం అమెరికాది, మనకు ఏడాది పాటు ఇచ్చింది. ఏడాది కాగానే ప్రసారాలు ఆగిపోయాయి. ఊరంతా ఒకచోట చేరి చూసిన బొమ్మలు ఒక్కసారిగా మాయమైతే ఆ ఊళ్లవారికి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

హైదరాబాదులో తెలుగు వార్తలు

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. పాటలు, నాటకాలు, పొలం కబుర్లు తెలుగులో వచ్చాయి. కానీ తెలుగు వార్తలు రావడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ అనే యువకుడు తొలిసారి తెలుగులో టీవీ వార్తలు చదివారు. అప్పటినుంచి సాయంత్రం ఏడు గంటల వార్తలంటే చాలామందికి ఆయన ముఖమే గుర్తుకొచ్చేది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇప్పుడు వార్తలు చదివేవారు మనకేసే చూస్తూ గడగడా చెబుతారు. వారికి అంతా నోటికి వచ్చని అనుకోకండి. కెమెరా ముందు ఏటవాలుగా ఒక గాజు పలక ఉంటుంది. కింద ఉన్న తెర మీది అక్షరాలు ఆ గాజులో ప్రతిబింబిస్తాయి. చదివేవారికి అక్షరాలు కనిపిస్తాయి, గాజు వెనకున్న కెమెరాకు మాత్రం అవి కనిపించవు. దీన్నే టెలిప్రాంప్టర్ అంటారు. శాంతి స్వరూప్ చదవడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ సదుపాయం లేదు. బల్ల మీద కాగితాలే ఆధారం. ఒక వాక్యాన్ని కంటితో పట్టుకుని, తలెత్తి, చూసేవారికి చెప్పి, మళ్లీ తల దించాలి. దించినప్పుడు సరిగ్గా ఆ వరుస దొరకాలి! దొరకకపోతే రాష్ట్రమంతా చూస్తుంది. అందుకే ఆయన వార్తలు ముందుగానే కంఠస్థం చేసుకునేవారు. ఆయన నవలలు కూడా రాశారు. భోపాల్ విషవాయువు దుర్ఘటన మీద రాసిన "రాతి మేఘం" వాటిలో ఒకటి. 2011లో పదవీ విరమణ చేసి, 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆయన భార్య రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు.

ఆలోచించండి: వార్త చదివే మనిషే ఆ వార్తను నిర్ణయిస్తాడా?

జవాబు: కాదు. విలేకరులు, వార్తా సంస్థలు పంపిన సమాచారాన్ని ఎడిటరు ఎంచుకుంటాడు. ఏది ముందు, ఏది వెనక, దేనికెంత సమయం అన్నది ఆయన చేతిలో ఉంటుంది. ఉపసంపాదకులు దాన్ని మాట్లాడే భాషలో రాస్తారు. చదివే వ్యక్తి చివరన వస్తాడు. కానీ తప్పు దొర్లితే జనం నిలదీసేది ఆ చివరి మనిషినే.

చెప్పని గంటలు

దీనికి ఒక ఉదాహరణ చూద్దాం. 1984 అక్టోబరు 31 ఉదయం ప్రధాని ఇందిరాగాంధీపై కాల్పులు జరిగాయి. ఆమె మరణవార్తను విదేశీ రేడియో ముందే చెప్పింది. మన ఆకాశవాణి, దూరదర్శన్ సాయంత్రం వరకు అధికారికంగా చెప్పలేదు. ఆ సాయంత్రం దూరదర్శన్‌లో ఆ వార్త చదివింది సల్మా సుల్తాన్. జుట్టులో గులాబీ పువ్వుతో కనిపించే ఆమెను దేశమంతా గుర్తుపట్టేది. మధ్యలో గడిచిన ఆ గంటల్లో ఏం జరిగింది? తెలిసిన వార్తకు అనుమతి దొరకలేదు, అంతే. ప్రసార సాధనం ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు చదివేవారు ఎంత నిజాయితీపరులైనా, కాగితం చేతికి రానిదే నోరు విప్పలేరు. ప్రసారాల్ని చూసేందుకు ప్రసార భారతి అనే స్వతంత్ర సంస్థ కావాలని 1990లో చట్టం చేశారు. ఆ సంస్థ ఏర్పడేసరికి 1997 నవంబరు అయింది.

ఛానళ్లు పెరిగాక

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదనీ చెప్పింది. అదే ఏడాది తెలుగులో జెమిని టీవీ, ఈటీవీ వచ్చాయి. 2004లో టీవీ9 ఇరవైనాలుగు గంటల వార్తలతో వచ్చింది.

ఇక్కడే కుర్చీలో కూర్చునే మనిషి పని మారిపోయింది. రోజుకు ఒకటి రెండు బులెటిన్లున్నప్పుడు కొద్దిమంది చాలు. ఇరవైనాలుగు గంటలు నడపాలంటే షిఫ్టుల వారీగా చాలామంది కావాలి. అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు మేకప్ వేసుకుని సిద్ధంగా ఉండాలి. పైగా రాసిచ్చింది చదివితే సరిపోదు. ఘటన జరిగినచోటున్న విలేకరిని ప్రశ్నలడగాలి. నలుగురు నాయకులు ఒకేసారి అరుస్తుంటే ఆపాలి. అందుకే "న్యూస్ రీడర్" అన్న మాట వెనకబడి "యాంకర్" అన్న మాట ముందుకొచ్చింది. నా మటుకు నాకు రెండూ వేర్వేరు పనులే. మంచి గొంతున్నవారంతా మంచి ప్రశ్న వేయలేరు, మంచి ప్రశ్న వేసేవారందరికీ గొంతు కుదరదు.

మనుషులు మారడం కూడా ఎక్కువైంది. దూరదర్శన్ ప్రాంతీయ కేంద్రాల్లో వార్తలు చదివేవారిలో చాలామంది శాశ్వత ఉద్యోగులు కారు. స్వర పరీక్షలో నెగ్గి, పిలిచిన రోజు వచ్చి, చదివినదానికి పారితోషికం తీసుకునేవారు. బయట వారికి ఎంత పేరున్నా, నెలకెన్ని పిలుపులు వస్తాయో వారికే తెలియదు. ప్రైవేటు ఛానళ్లలో ఇంకో రకం ఒత్తిడి ఉంటుంది. చూసేవారి సంఖ్య పెరిగితే ప్రకటనలు పెరుగుతాయి, తగ్గితే ముఖం మార్చి చూద్దామంటారు. బాగా పేరొచ్చినవారిని పక్క ఛానల్ ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతుంది. యాజమాన్యం మారినా కుర్చీలు కదులుతాయి. చూసే మనకు ఒక ముఖం మాయమైనట్టే ఉంటుంది, అక్కడ ఒకరి బతుకుతెరువు మారిపోతుంది.

ఎవరి తెలుగు?

చాలాకాలం వార్తల తెలుగు అంటే పుస్తకాల తెలుగే. హైదరాబాదు నుంచి ప్రసారమైనా ఆ ఊరి మాట, చుట్టుపక్కల పల్లెల మాట అందులో వినిపించేది కాదు. తెలంగాణ యాస సినిమాల్లో నవ్వించడానికి ఉండేది. వార్తలకు అది పనికిరాదనుకున్నారు. 2012లో వచ్చిన వీ6 ఛానల్ "తీన్మార్ వార్తలు" పేరుతో ఆ యాసలోనే వార్తలు చెప్పింది. జనం విరగబడి చూశారు. భాష చెడిపోతోందని కొందరు విసుక్కున్న మాట నిజమే. కానీ ఇంట్లో మాట్లాడే మాట టీవీలో గౌరవంగా వినిపిస్తే ఎలా ఉంటుందో, అంతవరకూ అది వినబడనివారినే అడగాలి.

2014లో రాష్ట్రం రెండయ్యాక దూరదర్శన్ కూడా రెండయింది. హైదరాబాదు నుంచి డీడీ యాదగిరి, విజయవాడ నుంచి డీడీ సప్తగిరి ప్రసారాలు చేయసాగాయి.

మరో మార్పు కూడా చెప్పుకోవాలి. 2024 మే 26న రైతుల కోసం నడిచే డీడీ కిసాన్ ఛానల్ ఇద్దరు యాంకర్లను పరిచయం చేసింది. వారి పేర్లు క్రిష్, భూమి. ఇద్దరూ మనుషులు కారు, కంప్యూటరు తయారుచేసిన బొమ్మలు. యాభై భాషల్లో మాట్లాడగలవని ప్రకటించారు. వాటికి షిఫ్టు లేదు, జీతం లేదు, నాలుక తడబడదు. తప్పు వార్త చదివితే ఎవరిని అడగాలన్నది మాత్రం ఇంకా తేలవలసిన ప్రశ్న.

మీరే చేసి చూడండి

ఈ రోజు రాత్రి రెండు ఛానళ్లలో ఒకే సంఘటన మీద వచ్చిన వార్తను వినండి. ఏ ఛానల్ ఆ వార్తను ముందు చెప్పింది? యాంకర్ వార్త చెప్పారా, తన అభిప్రాయం చెప్పారా? ఎవరు చెప్పారో, ఎక్కడ జరిగిందో స్పష్టంగా ఉందా? నాలుగైదు వాక్యాల్లో రాయండి. మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని అరవై దాటినవారుంటే, తాము మొదటిసారి టీవీ వార్తలు ఎక్కడ, ఎవరి ఇంట్లో చూశారో అడిగి, అది కూడా వారి మాటల్లోనే రాసి, వచ్చే ముఖాముఖి తరగతికి తీసుకురండి.