దవడ తిత్తులకు చికిత్స

దవడ తిత్తి అనగా దవడ ఎముక లోపల ఏర్పడి, ద్రవంతో గాని, మెత్తని చిక్కని పదార్థంతో గాని నిండి ఉండే సంచి వంటి నిర్మాణం. ఈ సంచి లోపలి గోడను ఉపకళా కణజాలం కప్పి ఉంటుంది. శరీరంలోని ఇతర ఎముకల కంటే దవడలలోనే తిత్తులు ఎక్కువగా కనిపిస్తాయి. దంతాలు తయారయ్యే సమయంలో మిగిలిపోయిన ఉపకళా కణాలు దవడలో జీవితాంతం నిలిచి ఉండటమే దీనికి కారణం. తిత్తులలో అధిక భాగం కాన్సరు కావు. అయితే చికిత్స చేయకుండా వదిలివేస్తే ఎముకను లోపలినుండి క్రమంగా కరిగించి, దంతాలను కదిలించి, చివరకు దవడ విరగడానికి కూడా దారితీయవచ్చు.

ముఖ్యమైన రకాలు

ఏ చికిత్స చేయాలనేది తిత్తి రకంపై ఆధారపడి ఉంటుంది.

* దంతమూల తిత్తి: అన్నిటికంటే సాధారణమైనది. పిప్పిపన్ను వలన గాని, దెబ్బ తగలడం వలన గాని పంటి లోపలి మజ్జ చనిపోయినప్పుడు వేరు కొనవద్ద ఏర్పడుతుంది.
* దంతకిరీట తిత్తి: బయటకు రాకుండా ఎముకలోనే ఉండిపోయిన పంటి పైభాగాన్ని చుట్టుకొని ఏర్పడుతుంది. కింది జ్ఞానదంతం, పై కోరపన్ను వద్ద ఎక్కువగా కనిపిస్తుంది.
* కెరాటిన్ తిత్తి: తొలగించిన తరువాత తిరిగి వచ్చే స్వభావం కలది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీనిని కణితిగా వర్గీకరించి, 2017లో తిరిగి తిత్తుల జాబితాలో చేర్చింది. ఒకే వ్యక్తికి ఇవి అనేకం వచ్చినప్పుడు గార్లిన్-గోల్ట్జ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య వ్యాధిని అనుమానించవలసి ఉంటుంది.
* నాసికా-తాలు నాళ తిత్తి: దంతాలతో సంబంధం లేకుండా, పై ముందుపళ్ళ వెనుక అంగిటి మధ్యభాగంలో వస్తుంది.

తిత్తి పెరిగే విధానం

తిత్తి గోడనుండి రాలిన కణాలు లోపల విచ్ఛిన్నమై ద్రవం గాఢతను పెంచుతాయి. అప్పుడు చుట్టుపక్కల కణజాలం నుండి నీరు ద్రవాభిసరణం ద్వారా లోపలికి చేరుతుంది. ఈ ఒత్తిడితో పాటు తిత్తి గోడ విడుదల చేసే రసాయనాల వలన ఎముక కరుగుతుంది. తిత్తి లోపలి ఒత్తిడిని తగ్గిస్తే దాని పెరుగుదల ఆగిపోవడానికి ఇదే కారణం.

వ్యాధి నిర్ధారణ

చిన్న తిత్తులు సాధారణంగా ఏ బాధా కలిగించవు. మరొక కారణంగా తీసిన ఎక్స్‌రేలో యాదృచ్ఛికంగా బయటపడతాయి. పెద్దవైనప్పుడు దవడ ఉబ్బడం, పళ్ళు పక్కకు జరగడం, చీము పడితే నొప్పి వంటి లక్షణాలు కలుగుతాయి. ఎముక పలుచబడిన చోట వేలితో నొక్కితే గుడ్డు పెంకు నొక్కినట్లుగా ఉంటుంది. నొప్పి లేకపోవడం వలన చాలామంది ఆలస్యంగా వైద్యుని వద్దకు వెళ్తారు.

దవడలన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ తీస్తారు. సూదితో ద్రవాన్ని లాగి చూడటం కూడా ఉపయోగకరం. గడ్డి రంగు ద్రవం సాధారణ తిత్తిని, తెల్లని చిక్కని పదార్థం కెరాటిన్ తిత్తిని సూచిస్తాయి. ధారాళంగా రక్తం వస్తే రక్తనాళాల కణితిని అనుమానించి శస్త్రచికిత్సను ఆపివేయాలి. అమీలోబ్లాస్టోమా అనే కణితి ఎక్స్‌రేలో తిత్తివలెనే కనిపించవచ్చు. కాబట్టి తొలగించిన కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించడం తప్పనిసరి.

చికిత్సా పద్ధతులు

రూట్ కెనాల్ చికిత్స: వేరు కొనవద్ద ఉన్న చిన్న గాయాలలో చాలావరకు పంటి లోపలి సూక్ష్మజీవులను తొలగించి మూసివేస్తే మానిపోతాయి. నిలుపుకొనడానికి వీలుకాని పన్నును తీసివేస్తారు. అప్పుడు తిత్తిని కూడా పూర్తిగా తీయకపోతే అది ఎముకలో మిగిలిపోయి పెరగవచ్చు.

పూర్తిగా తొలగించడం: తిత్తిని దాని గోడతో సహా ఎముకనుండి విడదీసి తీసి, చిగురును కుట్టివేస్తారు. ఎక్కువ తిత్తులకు ఇదే ప్రధాన చికిత్స. కణజాలమంతా పరీక్షకు లభించడం దీనిలోని గొప్ప ప్రయోజనం. ఖాళీ అయిన భాగంలో ముందు రక్తం గడ్డకట్టి, కొన్ని నెలలలో కొత్త ఎముక ఏర్పడుతుంది. తిత్తి చాలా పెద్దదైనప్పుడు కింది దవడ నరం దెబ్బతిని పెదవి మొద్దుబారడం, ఎముక విరగడం, పై దవడలోనైతే సైనస్‌కు రంధ్రం పడటం వంటి ప్రమాదాలు ఉన్నాయి.

ద్వారం ఏర్పరచడం: జర్మన్ శస్త్రవైద్యుడు కార్ల్ పార్ష్ ఈ పద్ధతిని 1892లో వివరించాడు. తిత్తికి ఒక వైపు కిటికీ వలె కోసి, దాని అంచును నోటి లోపలి పొరతో కలిపి కుడతారు. ఒత్తిడి తగ్గడంతో తిత్తి క్రమంగా కుంచించుకుపోతుంది. చిన్న గొట్టాన్ని అమర్చి ద్రవాన్ని బయటకు పంపే పద్ధతి కూడా ఇటువంటిదే. నరం, దంతాలు సురక్షితంగా ఉంటాయి. పిల్లలలో దంతకిరీట తిత్తికి ఇలా చేస్తే లోపల చిక్కుకున్న పన్ను తనంతట తానే బయటకు రావచ్చు. అయితే నెలల తరబడి ఆ కుహరాన్ని ప్రతిదినం కడిగి శుభ్రపరచుకోవాలి. వ్యాధి కణజాలం లోపలే మిగిలి ఉంటుంది కనుక, అనేక సందర్భాలలో తిత్తి చిన్నదైన తరువాత రెండవ శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగిస్తారు.

అదనపు చర్యలు: కెరాటిన్ తిత్తి గోడ పలుచనిది, సులువుగా చిరుగుతుంది. చుట్టూ పిల్ల తిత్తులు కూడా ఉండవచ్చు. అందువలన తొలగించిన తరువాత చుట్టూ ఉన్న ఎముకను పలుచగా చెక్కడం, కార్నాయ్ ద్రావణం పూయడం, లేదా ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం చేస్తారు. అసలు కార్నాయ్ ద్రావణంలో ఉండే క్లోరోఫాం కాన్సరు కారకం కావచ్చునన్న భయంతో అది లేని ద్రావణాన్ని కొందరు వాడుతున్నారు. 5-ఫ్లోరోయురాసిల్ లేపనం కూడా వాడుకలోకి వచ్చింది.

దవడ భాగాన్ని తొలగించడం: పదేపదే తిరిగి వచ్చే లేదా ఎముకను విస్తారంగా నాశనం చేసిన కెరాటిన్ తిత్తులకు మాత్రమే దీనిని చివరి మార్గంగా ఎంచుకుంటారు. తిరిగి వచ్చే అవకాశం అతి తక్కువ. కాని ముఖాకృతి, నమలడం దెబ్బతింటాయి కనుక ఎముకను పునర్నిర్మించవలసి ఉంటుంది.

చికిత్స తరువాత

దంతమూల, దంతకిరీట తిత్తులు సరిగా తొలగిస్తే తిరిగి రావడం అరుదు. ఎముక నిండే వరకు అప్పుడప్పుడు ఎక్స్‌రే తీస్తే సరిపోతుంది. కెరాటిన్ తిత్తులు ఎక్కువగా మొదటి 5 సంవత్సరాలలో తిరిగి వస్తాయి. 10 సంవత్సరాల తరువాత వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఏ బాధా లేకపోయినా దీర్ఘకాలం పరీక్షలు చేయించుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

* దంతాలు
* దవడ ఎముక
* జ్ఞానదంతం
* దంతవైద్యం