‘స్టాక్’ అన్న మాట ఒకటే, లెక్కలు మాత్రం వేరు

ప్రగతి నగర్: అమ్మకందారు "స్టాక్ వున్నది" అంటాడు. గోదాము గుమాస్తా కూడా "స్టాక్ వున్నది" అంటాడు. బ్యాంకుకు పంపే పత్రంలోనూ, తనిఖీ అధికారి అడిగే రిజిస్టరులోనూ అదే మాట. నలుగురూ ఒకే మాట వాడినంత మాత్రాన నలుగురి అంకె ఒకటే కానక్కరలేదు. ఈ తేడా గమనించకపోతే బేరం చెడుతుంది; ఒక్కోసారి సంజాయిషీ నోటీసు కూడా అందుకోవలసి వస్తుంది.

కూకట్‌పల్లి, నిజాంపేట, బాచుపల్లిల నడుమ వున్న ప్రగతి నగర్‌లో ఈ మాటకు అర్థాలు మరీ హెచ్చు. కిరాణా వ్యాపారికి స్టాక్ అంటే పప్పు, బియ్యం బస్తాలు. హైటెక్ సిటీలో కొలువు చేసే ఇంజనీరుకు జీతంతోపాటు కంపెనీ ఇచ్చే వాటాలు. బిల్డరుకు అమ్ముడుపోని ఫ్లాట్లు. కంప్యూటరు శిక్షణ కేంద్రాల బోర్డులపై కనిపించే "ఫుల్ స్టాక్" మాత్రం అసలు వేరే ఇంగ్లీషు మాట. దానికి దొంతర అని అర్థం. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటైపోయాయి.

మొద్దు నుంచి మదుపు దాకా

పాత ఇంగ్లీషులో ఈ మాటకు చెట్టు మొద్దు అని అర్థం. ఇంగ్లండు ఖజానాలో పూర్వం అప్పు లెక్కలను కర్రపై గంట్లు పెట్టి గుర్తించేవారు. ఆ కర్రను నిలువునా చీల్చి, పెద్ద ముక్కను సొమ్ము ఇచ్చినవారి చేతికి ఇచ్చేవారు. ఆ పెద్ద ముక్క పేరే స్టాక్. రెండు ముక్కల గంట్లు కలిస్తేనే లెక్క సరిపోయినట్లు. ఇలా పోగుపడిన పాత కర్రలను 1834లో తగులబెట్టగా ఆ మంటలకే బ్రిటిష్ పార్లమెంటు భవనం కాలిపోయింది. సొమ్ము పెట్టినవారి హక్కుకు గుర్తుగా వున్న ఆ మాట తరువాత ప్రభుత్వ రుణపత్రాలకు, కంపెనీ వాటాలకు వర్తించింది. మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 1943లో ఏర్పడి, 2007లో గుర్తింపు కోల్పోయింది. పశుసంపదకు లైవ్ స్టాక్ అని, రైలు ఇంజన్లు, పెట్టెలకు రోలింగ్ స్టాక్ అని అంటారు. రేషను బియ్యం నిలవ వుంచే మండల కేంద్రం స్టాక్ పాయింటు. హోటల్ వంటవానికి ఎముకలు మరగించిన రసం కూడా స్టాకే. ఇవన్నీ ఆ మొద్దుకు పుట్టిన కొమ్మలే.

గోదాములో రెండు స్టాకులు

సరకు వర్తకులు జాగ్రత్త పడవలసినది మొదట గోదాములోనే. అక్కడ రెండు మాటలూ ఒక్కచోటే తిరుగుతుంటాయి. స్టాక్ రిజిస్టరులో వుండేది మొత్తం నిలవ. బస్తాల దొంతరకు వేలాడే కార్డులో వుండేది ఆ ఒక్క దొంతర లెక్క. "ఏడో స్టాక్‌లో మాల్ ఇస్తాం" అంటే ఏడో దొంతర అని అర్థం. శాంపిలు ఒక దొంతరలో తీసి, డెలివరీ మరొక దొంతర నుంచి ఇస్తే నాణ్యతలో తేడా వచ్చి తగవు పడుతుంది. కనుక బేరం చీటీలో దొంతర సంఖ్య విడిగా రాసుకోవటం మంచిది.

ఎవరి సరకు?

కమీషన్ వ్యాపారి కొట్టులో వున్న బస్తాలన్నీ అతనివి కావు. కొన్ని రైతువి, కొన్ని డబ్బు కట్టి ఇంకా ఎత్తని కొనుగోలుదారువి. చూపుకు అన్నీ స్టాకే. అగ్నిప్రమాదం జరిగితే మాత్రం తేడా బయటపడుతుంది. ఇతరుల తరఫున వుంచిన సరకుకు బీమా కావాలంటే పాలసీలో ఆ సంగతి స్పష్టంగా రాసి వుండాలి. సగటు షరతు మరొక చిక్కు. 20 లక్షల రూపాయల సరకుకు 10 లక్షలకే పాలసీ తీసుకుంటే, 4 లక్షల నష్టానికి ఆ షరతు ప్రకారం చేతికి వచ్చేది 2 లక్షలే.

బ్యాంకు లెక్క మరొక తీరు. క్యాష్ క్రెడిట్ ఖాతాదారు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో బాకీ చెల్లించని సరకు విలువను తీసివేస్తారు. 40 లక్షల సరకు వుండి, దానిపై 10 లక్షలు ఇంకా చెల్లించవలసి వుంటే మిగిలేది 30 లక్షలు. మార్జిన్ 25 శాతమైతే వాడుకోగలిగినది 22.5 లక్షలు. గోదాము నిండా బస్తాలున్నా ఖాతాలో డబ్బు అందకపోవటానికి కారణమిదే.

సంవత్సరాంతపు ధర

ఖాతా పుస్తకాలలో ముగింపు స్టాకును కొన్న ధర, అమ్మితే నికరంగా వచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే కట్టాలి. క్వింటాలు 12 వేలకు కొన్న పసుపు 11 వేలకు దిగితే 11 వేలకే రాయాలి. 13 వేలకు పెరిగినా 12 వేలు దాటరాదు. ఈ సంవత్సరపు ముగింపు స్టాకే వచ్చే సంవత్సరపు ప్రారంభ స్టాకు. ముగింపు అంకె పెరిగితే లాభం పెరుగుతుంది, పన్నూ పెరుగుతుంది. అందుచేత బ్యాంకుకు ఎక్కువగానూ, పన్ను అధికారికి తక్కువగానూ చూపే అలవాటు కొందరిలో వున్నది. రెండు కాగితాలూ ఒక బల్లమీదికి చేరిన నాడు జవాబు చెప్పటం కష్టం.

ఫ్లాట్ల విషయంలోనూ ఇదే సూత్రం. బిల్డరుకు అది వ్యాపార స్టాక్ కనుక అమ్మగా వచ్చిన లాభం వ్యాపార ఆదాయం. పొదుపు కోసం కొని అట్టిపెట్టుకున్న ఉద్యోగికి అది మూలధన ఆస్తి. పన్ను పద్ధతి వేరు.

పరిమితి వచ్చినప్పుడు

1955 నాటి నిత్యావసర సరకుల చట్టం కింద స్టాక్ పరిమితి విధిస్తే ఈ మాట మరింత బరువెక్కుతుంది. 2021 జులై 2న కేంద్రం పప్పుధాన్యాలపై టోకు వర్తకులకు 200 టన్నుల పరిమితి పెట్టింది. అందులో ఏ ఒక్క రకమూ 100 టన్నులు మించరాదన్నది. జులై 19న దానిని 500 టన్నులకు, ఒక్కో రకానికి 200 టన్నులకు సడలించింది. 2024 జూన్ 21న కంది, శనగలకు మళ్ళీ పరిమితి వచ్చింది. అప్పుడు టోకు వర్తకులకు ఒక్కో పప్పుకు 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు. మిల్లరుకు గత మూడు నెలల ఉత్పత్తి లేదా వార్షిక సామర్థ్యంలో 25 శాతం, ఏది ఎక్కువైతే అది. తాండూరు కంది మిల్లరుకూ, ప్రగతి నగర్ కిరాణా కొట్టుకూ స్టాక్ అన్న మాట ఒకటే, హద్దులు వేరు. 17 రోజులలోనే అంకె మారిన అనుభవం వున్నది కనుక పాత ఉత్తర్వును నమ్ముకొని సరకు పట్టివుంచటం ప్రమాదం.

వార్తలలో వచ్చే అంకె

ప్రభుత్వ నిలవల వార్త చదివేటప్పుడు తేదీ చూడాలి. 2015లో సవరించిన ప్రమాణాల ప్రకారం కేంద్ర నిలవలో గోధుమ ఏప్రిల్ 1న 74.60 లక్షల టన్నులు వుంటే చాలు. జులై 1న 275.80 లక్షల టన్నులు వుండాలి. నడుమ సేకరణ జరుగుతుంది గనుక ఈ తేడా. ఏప్రిల్‌లో 150 లక్షల టన్నులంటే మిగులు, జులైలో అదే అంకె కొరత.

ఫ్యూచర్స్‌లోనూ ఇంతే. నిజామాబాద్ యార్డులోనూ, రైతుల ఇళ్ళలోనూ పసుపు ఎంత వున్నా, కాంట్రాక్టు డెలివరీకి పనికివచ్చేది ఎక్స్ఛేంజి ఆమోదించిన గోదాములో, నాణ్యత పరీక్షలో నెగ్గిన సరకు మాత్రమే. "స్టాక్ తగ్గింది" అన్న కబురు ఆ గోదాముల గురించా, మొత్తం మార్కెట్టు గురించా అన్నది విచారించకుండా కొనుగోళ్ళకు దిగరాదు.

కాబట్టి "స్టాక్ వున్నది" అనగానే అయిదు ప్రశ్నలు వేయాలి. ఎవరిది? ఎక్కడ వున్నది? ఏ తేదీ లెక్క? ఏ నాణ్యత? ఏ ధరకు కట్టారు? ఈ అయిదింటికీ జవాబు దొరికాకే బయానా ఇవ్వటం క్షేమం.