ఎద్దుకు ఉలవలు పెట్టేటోళ్లం, పిలకాయలకు నెట్టు కట్టలేమా?

బండలాగుడు పందేనికి ఎద్దుల్ని తయారుచేసే రైతు ఏం చేస్తాడో మన పక్క పిలకాయలకు ఒకరు చెప్పబన్లేదు. తిరునాళ్ల ఇంకా నెలలు ఉండంగానే ఉలవలు ఉడకేసి పెడతాడు. పొద్దున్నే నడిపిస్తాడు. చిన్న బరువుతో మొదలుబెట్టి పెద్ద బండకు అలవాటు చేస్తాడు. పందెం రోజు జనానికి కనపడేది కొద్ది నిమిషాలే. దాని వెనకాల కష్టం మాత్రం నెలలది.

అదే ఊళ్లో సంక్రాంతికి వాలీబాల్ టోర్నమెంటు పెడితే ఎట్టా జరుగుద్ది? భోగికి వారం ముందు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుద్ది. ఇద్దరు ముగ్గురు పోయి ఎవరో ఒక నాయకుడి చేత మొదటి బహుమతి రాయించుకొని వస్తారు. ఫ్లెక్సీ కడతారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన పిల్లోళ్లు బస్సు దిగి నేరుగా కోర్టులోకి దిగుతారు. సంవత్సరమంతా కుర్చీలో కూర్చున్నోడు, సెంట్రింగ్ పనిలో నడుం అరిగినోడు ఒక్కసారిగా ఎగిరి స్మాష్ కొడతారు. రెండో రోజుకు ఒకడి చీలమండ బెణుకుద్ది, ఇంకొకడి భుజం పట్టేస్తది. కనుమ దాటితే నెట్టు మళ్లీ అటకెక్కుద్ది. ఫ్లెక్సీ మాత్రం ఎండకు వెలిసిపోయేదాకా ఉంటది.

దీన్నే మనం ఆటల సీజన్ అంటన్నాం. నా మాట ఏందంటే, ఇది సీజన్ కాదు తమ్ముళ్లూ, పండగ ముచ్చట. సీజన్ అనేది పందేనికి మూడు నెలల ముందు మొదలవ్వాల. దాన్ని మొదలుబెట్టడానికి ఎవరో ఒకరు నడుం కట్టాల. ఆ పని చల్లటి దేశాల్లో చానా చోట్ల ఒక అంగడి చేస్తది. ఆ అంగడి సంగతి చెప్తా, మనకు పనికొచ్చేది ఏందో మీరే ఏరుకోండి.

మంచు మీద జారే ఆటను టీవీలో చూసుంటారు. కొండ మీద నుంచి సర్రున కిందికి దిగుతారు. దానికి అన్నలాంటి ఆట ఇంకోటుంది, క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటారు. ఇది చదును నేల మీద, అడవి దారుల్లో, చిన్న మిట్టలెక్కుతా కిలోమీటర్ల కొద్దీ పోయే ఆట. కాళ్లకు పొడుగాటి సన్నటి పలకలు, చేతుల్లో రెండు కర్రలు. మన మార్కాపురం పలక రాసుకోవడానికి, వాళ్ల పలక నడవడానికి. బూటు ముందు భాగమే పలకకు బిగిస్తారు, మడమ లేస్తా ఉంటది. ఇంజను లేదు, వాలు లేదు. ఊపిరి, తొడలు, భుజాలు, అంతే.

ఈ ఆటలో పలక ఎంపికే సగం విద్య. పలక మధ్యలో విల్లులాగా కొంచెం పైకి లేచి ఉంటది. ఒక కాలి మీద బరువంతా వేసినప్పుడు ఆ మధ్య భాగం మంచుకు ఆనుకోవాల, అప్పుడే కాలికి పట్టు దొరికి మనిషి ముందుకు పోతాడు. మనిషి బరువుకు పలక మరీ గట్టిదైతే మధ్య భాగం కిందికి ఆనదు, అడుగేసినప్పుడల్లా వెనక్కి జారతాడు. మరీ మెత్తదైతే ఈడ్చుకుంటా పోవాల. అందుకే అంగడాయన ముందు మనిషి బరువు అడుగుతాడు. పలకల మీద నిలబెట్టి, కింద ఒక కాగితం దూర్చి అటూ ఇటూ జరిపి చూస్తాడు. దాని పైన మైనం రాయడం ఇంకో విద్య. చలి ఎంతుందో చూసి దానికి తగ్గ మైనం రాయాల. ఎముకలు కొరికే చలికి ఒకటి, మంచు కరగబోయే వాతావరణానికి ఇంకోటి. కాడి సరిగ్గా కుదరకపోతే ఎద్దు మెడ పుండు పడినట్టు, పలక కుదరకపోతే కొత్తోడు రెండు రోజుల్లో ఆట మానేస్తాడు.

అందుకే ఆ ఊళ్లలో స్కీ అంగడి అంటే సరుకు అమ్మే చోటు ఒక్కటే అనుకోబాకండి, ఆట తెలిసినోళ్లు కూడే చోటు గూడా. మంచు పడకముందే, ఆకులు రాలే కాలంలోనే పని మొదలవుద్ది. పాత సామాన్ల మార్పిడి పెడతారు. నీ పిల్లోడి కాలికి పట్టని బూట్లు నా పిల్లోడికి, నావి ఇంకొకరికి. ఎదిగే పిలకాయలకు ప్రతి ఏడూ కొత్తవి కొనలేరు గాబట్టి సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే ఏర్పాటు గూడా ఉంటది. ఒక ఆదివారం అందరూ కలిసి దారిలో పడిన కొమ్మలు నరికి తీసేస్తారు. ఇంకో సాయంత్రం మైనం రాయడం నేర్పిస్తారు. మంచు లేని రోజుల్లో చేతికర్రలు పట్టుకొని గుట్టలెక్కుతారు, చక్రాల పలకల మీద రోడ్డెక్కి సాధన చేస్తారు. పోటీ రోజు నీళ్లిచ్చేది ఎవరు, దారి చూపేది ఎవరు, టైము రాసేది ఎవరు అని పేర్లు రాసుకుంటారు. క్లబ్బు, బడి, అంగడి మూడూ కలిస్తేనే ఇది నడుస్తది. నార్వేలో ఊరంతా కలిసి కూలి లేకుండా చేసే ఇలాంటి పనిని డుగ్నాడ్ అంటారు. మనకిది కొత్త కాదు. ఈరోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు అని బదులు పని చేసిన జాతి మనది.

అంగడాయనకు దీంట్లో ఏం లాభం అంటారా? ఉంది. ఒకసారి కొన్న పలకలు చానా ఏళ్లు వస్తాయి. ఇంకొక జత అమ్ముడుపోవాలంటే ఇంకొక మనిషి ఆటలోకి రావాల. దారి బతికుంటే మైనం అమ్ముడుపోద్ది, బూట్లు అమ్ముడుపోతాయి, రిపేరు పని దొరుకుద్ది. ఫోన్లో తక్కువకు దొరికే సరుకుతో చిన్న అంగడి ధరలో పోటీ పడలేదు. కానీ ఫోను నీ కాళ్ల కింద కాగితం దూర్చి చూడలేదు గదా. ఊరి ఆట బతకడంలోనే అంగడి బతుకుంది. ఇది దానం కాదు, ముందుచూపున్న యాపారం.

ఇట్టా కట్టిన సీజన్ ఎంత దూరం పోద్దో చెప్తా. స్వీడన్లో వాసాలోపెట్ అని ఒక పోటీ ఉంది. సాలెన్ నుంచి మోరా ఊరి దాకా 90 కిలోమీటర్లు. 1922లో మొదలైంది, మార్చి మొదటి ఆదివారం జరుగుద్ది. ఛాంపియన్లతో పాటు మామూలు జనం వేలమంది పోతారు. దారి పొడుగునా ఊళ్లోళ్లు వేడివేడి పండ్ల చారు పోస్తా నిలబడతారు. మంచు లేక 1932, 1934, 1990ల్లో పోటీ ఆగిపోయింది. ఇప్పుడు మంచు తక్కువైన చోట మిషన్లతో తయారుచేసి పరుస్తన్నారు. మబ్బు వంక చూసి బతికే బాధ పశ్చిమ ప్రకాశం మనుషులకు వేరే చెప్పాలా?

ఆ పోటీలోనే ఒక మచ్చ గూడా ఉంది, అది మన ఆడపిల్లలు తెలుసుకోవాల. 1923లో మార్గిట్ నోర్డిన్ అనే ఆమె ఆ 90 కిలోమీటర్లూ పూర్తి చేసింది. మరుసటి ఏడు నుంచే ఆడోళ్లు రాగూడదని నిషేధం పెట్టారు. అది 1981లో గానీ పోలేదు. ఒకామె చేసి చూపించినాక గూడా అరవై ఏళ్లకు దగ్గరదగ్గర తలుపు మూసి ఉంచారు. స్వీడన్లోనే అట్టా జరిగితే మన ఊళ్లో అడగకుండా తలుపు తెరుచుకుంటదా?

ఇప్పుడు మన సంగతికొద్దాం. మార్కాపురం, గిద్దలూరు లాంటి టౌన్లలో స్పోర్ట్స్ షాపంటే మనకు గుర్తొచ్చేది ఏంది? బ్యాట్లు, షీల్డులు, జెర్సీ మీద పేరు ప్రింటు. పెద్దారవీడు, దోర్నాల, తర్లుపాడు పిల్లోళ్లు పండగ ముందు పోయి కప్పు కొనుక్కొని వస్తారు. కప్పు అమ్మే అంగడికి, ఆట పెంచే అంగడికి మధ్య దూరం ఎక్కువేం లేదు. దసరా సెలవులు అయిపోతానే మొదలుబెడితే సంక్రాంతికి మూడు నెలలుంటది.

మొదటి పని నేల. వానలకు బడి గ్రౌండ్లో గడ్డి, చిల్లకంప మొలిచుంటది. ఒక ఆదివారం, పది మంది, నాలుగు పారలు చాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడుగు, 9 మీటర్ల వెడల్పు. నెట్టు ఎత్తు మగపిల్లలకు 2.43 మీటర్లు, ఆడపిల్లలకు 2.24 మీటర్లు. కబడ్డీకి మగపిల్లలకు 13 బై 10, ఆడపిల్లలకు 12 బై 8 మీటర్లు. కొలిచి సున్నం గీతలు గియ్యండి. వంకర కోర్టులో నేర్చుకున్నోడు సెలక్షన్ల దగ్గర గీత దాటి ఔటవుతాడు.

రెండో పని సామాను. అంగడాయన్ను ఒకటే అడగండి: అంగడి ముందు ఒక పెట్టె పెట్టు అన్నా అని. పొట్టయిన బూట్లు, చినిగిన నెట్లు, కుట్టు ఊడిన బంతులు జనం ఆడ వేస్తారు. బాగు చేయగలిగినవి చేసి, లేని పిల్లోళ్లకు ఇచ్చేది. నెట్టు కుట్టడం, మోకాలికి పట్టీ చుట్టడం, పాదానికి తగ్గ బూటు ఎంచడం ఒక సాయంత్రం నేర్పిస్తే అదే పెద్ద శిక్షణ. బడిలో పీఈటీ సారు ఉంటే ఆయన్ను గౌరవంగా పిలవండి, కాదనరు.

మూడో పని, ఉన్న కిట్లు యాడున్నాయో కనుక్కోవడం. 2023 డిసెంబరు 26న ఆడుదాం ఆంధ్రా మొదలైనప్పుడు సచివాలయాలకు క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ కోసం కిట్లు ఇచ్చారు. ప్రజల డబ్బుతో కొన్నవి. మీ ఊరి కిట్టు ఏ బీరువాలో ఉందో మర్యాదగా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. తెల్లకాగితం మీద రాసియ్యండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాల.

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైంది. గ్రౌండ్ ఎవరిది? బడి ఏ వీధి పక్కన ఉంటే ఆ వీధి పిల్లోళ్లదే గ్రౌండ్ అన్నట్టు చానా ఊళ్లలో నడుస్తది. కాలనీ పిల్లోళ్లు వాళ్ల టీమ్ వాళ్లు, ఊళ్లోళ్లు వాళ్ల టీమ్ వాళ్లు. టోర్నమెంటులో ఎదురెదురు దిగితే ఆట గొడవ కాస్తా కులం గొడవ అవుద్ది. సాధన రోజుల్లోనే టీములు కలిపి వేసుకోండి. నెట్టుకు ఈ పక్క ముగ్గురు, ఆ పక్క ముగ్గురు కలిసి మూడు నెలలు ఆడినోళ్లు పండగనాడు కొట్టుకోరు. ఆడపిల్లలకు గూడా వారంలో కొన్ని సాయంత్రాలు గ్రౌండ్ రాసిపెట్టండి. ఆ టైములో మగపిల్లోళ్లు గట్టు మీద కూర్చొని కూతలు పెట్టకుండా చూసే పూచీ అన్నలదే. తల్లిదండ్రులు నమ్మితేనే పంపిస్తారు, నమ్మకం మాటలతో రాదు.

ఇదంతా ఎందుకన్నా అని అడిగేటోళ్లకు ఉద్యోగం లెక్క గూడా చెప్తా. పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు మగోళ్లు 8 నిమిషాల్లో, ఆడోళ్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాల. నోటిఫికేషన్ పడినాక పరుగు మొదలుబెడితే మోకాళ్లు పోతాయి. క్రీడా కోటాను రాష్ట్రంలో 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 పోస్టులు పెట్టారు. కానీ సంక్రాంతి కప్పు ఆ కోటాలో పనికిరాదు. గుర్తింపున్న సంఘాల పోటీలు, స్కూల్ గేమ్స్‌లో వచ్చిన సర్టిఫికెట్లే లెక్కకొస్తాయి. ఆ సెలక్షన్లు ఎప్పుడు, యాడ జరుగుతాయో ఒక కాగితం మీద రాసి అంగడి తలుపుకు అతికిస్తే, దోర్నాల పిల్లకు ఒంగోలు దూరం కాదు.

మన పక్క పిలకాయలకు ఆ సత్తా లేదనబాకండి. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగితే మగ, ఆడ రెండు కప్పులూ ఇండియా గెలిచింది. మగోళ్ల జట్టులో పోతిరెడ్డి శివారెడ్డి ప్రకాశం జిల్లా ముండ్లమూరు మండలం ఈదర బిడ్డ. ఖోఖోకు కావాల్సింది రెండు స్తంభాలు, చదునైన నేల, రోజూ వచ్చే పిల్లోళ్లు. దాంట్లో మనం కొనలేనిది ఏముంది?

నాయకుడి డబ్బు వద్దని నేనట్లేదు. ఇస్తే బహుమతికి తీసుకోబాకండి, నెట్టుకు, బంతులకు, ఆడపిల్లల బూట్లకు తీసుకోండి. ఫ్లెక్సీ మీద ఫొటో ఒక వారం ఉంటది, నెట్టు రెండేళ్లు ఉంటది.

కాబట్టి ఈ ఆదివారం మీలో ఇద్దరు మార్కాపురమో గిద్దలూరో పోండి. ఏమీ కొనక్కర్లేదు. అంగడాయన్ను టీకి పిలిచి, "అన్నా, ఈసారి మూడు నెలల ముందు మొదలుబెడదాం, నీ అంగడి ముందు పెట్టె పెడతావా?" అని అడగండి. ఆయన ఒప్పుకోకపోతే పక్క అంగడాయన ఉన్నాడు, వాళ్లెవరూ లేకపోతే మీ ఊరి టీకొట్టే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఒక కిలో సున్నం, ఒక పురికొస తెచ్చుకోండి. సోమారం సాయంత్రం బడి గ్రౌండ్లో గీతలు పడాల.