అనాథ ప్యాకేజీలు

ఒక గ్రామమున గ్రంథాలయము కలదనుకొందము. జీతమేమియు లేకుండ ఒక పెద్దమనిషి దానిని పదియేండ్లు నడపెను. ఒకనాడు ఆయన ఉద్యోగరీత్యా వేరొక ఊరికి వెడలిపోయెను. తాళపుచెవి ఆయన వద్దనే ఉండిపోయినది. లోపల పుస్తకములకు చెదలు పట్టుచున్నవి. తలుపు పగులగొట్టుట మర్యాద కాదు. చూచుచు ఊరకుండుట ధర్మము కాదు. ఇట్టి చిక్కే కంప్యూటరు లోకమున తరచుగ ఎదురగుచున్నది. దానిని తీర్చుకొను పద్ధతిని మేమిచ్చట వివరింపదలచితిమి.

స్వచ్ఛందముగ పనిచేయువారు కలసి నిర్మించి, ఎల్లరకు ఉచితముగ ఒసగు సాఫ్టువేరులలో డెబియన్ పేరుగాంచినది. దీనిని 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించెను. ఇందులో వేలకొలది కట్టలు గలవు, వానినే ప్యాకేజీలందురు. లెక్కలు వేయుట కొకటి, బొమ్మలు చూచుట కొకటి, పాటలు వినుట కొకటి. తెలుగు అక్షరములను తెరపై చూపు ఫాంటులును ఇట్టి ప్యాకేజీలుగనే లభించుచున్నవి. ప్రతి ప్యాకేజీకి ఒక సంరక్షకుడో, ఒక బృందమో ఉండును. లోపములను సవరించుట, క్రొత్త కూర్పును చేర్చుట వారి పని.

మరి ఆ సంరక్షకునకు తీరిక లేకపోయినచో? ప్యాకేజీ తనంతట తాను తుప్పు పట్టదు గాని, దాని చుట్టునున్నవి మారిపోవును. పైథాన్ భాష రెండవ కూర్పునకు 2020 ఆరంభముతో మద్దతు ముగిసినది. దానిపై ఆధారపడియుండి, మూడవ కూర్పునకు మార్చువారు లేని ప్యాకేజీలు పెక్కు డెబియన్ నుండి తొలగింపబడినవి.

ఇందుకు డెబియన్ వారు మెట్లు మెట్లుగ ఏర్పాట్లు చేసికొనిరి. మొదటిది, సంరక్షకుడే ముందుకు వచ్చి ‘ఇక నాచేత కాదు’ అని ప్రకటించుట. అప్పుడా ప్యాకేజీ ‘అనాథ’ల పట్టికలో చేరును. దత్తత తీసికొనువారు వచ్చువరకు నాణ్యతను చూచు బృందము దానిని కనిపెట్టియుండును. రెండవది, సంరక్షకుడు పలుకకున్నపుడు మరియొకరు ముఖ్యమైన లోపమును సవరించుట. ఆ సవరణను సాధారణముగ కొన్ని దినములు నిలిపియుంచెదరు. సంరక్షకుడు ఈలోపల అడ్డుచెప్పవచ్చును. అప్పటికిని ప్యాకేజీ ఆయనదే.

మూడవది 2018లో వచ్చినది. చాలకాలముగ ఆదరణ లేని ప్యాకేజీని చేపట్టదలచినవారు ఆ సంగతిని బహిరంగముగ తెలిపి 21 దినములు వేచియుండవలెను. పిమ్మట తమ కూర్పును పంపి, కనీసము మరి 7 దినములు ఆగవలెను. నడుమ పాత సంరక్షకుడు ‘వద్దు’ అన్నచో పని నిలిచిపోవును. ఏ దారియు లేనపుడు, వాడువారును కరవైనపుడు, ప్యాకేజీని తొలగించుటయే కడపటి మెట్టు.

ఇంత నిదానమెందుకని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. 2024లో జరిగిన ఒక ఉదంతము దీనికి సమాధానము. ఫైళ్లను కుదించు ‘ఎక్స్‌జెడ్’ అను సాఫ్టువేరును మూలమున ఒక్కరే ఏండ్ల తరబడి మోయుచు అలసియుండిరి. అపరిచితు డొకడు సహాయమునకు వచ్చి, రెండేండ్లకు పైగా పనిచేసి నమ్మకము సంపాదించి, కడకు అందులో దొంగదారి నొకదానిని దాచిపెట్టెను. దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను ఆలస్యమగుట గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు ఆరాతీసి, మార్చి 29న ఈ మోసమును బయటపెట్టెను. అది డెబియన్ పరీక్షాకూర్పుల వరకు వచ్చినను, స్థిరమైన కూర్పులోనికి చేరలేదు.

నిదానమొక్కటే ఇట్టి మోసమును ఆపజాలదు. ఆ అపరిచితునకును ఓర్పు మెండుగ నుండెను. కాని పని పదిమంది కన్నుల ఎదుట జరిగినచో, బరువు ఒక్కరి మీదనే పడకున్నచో, మోసగానికి చోటు తగ్గును. కావున అలసినవారు తమ అలసటను చెప్పుకొనుట అవమానము కాదు, అదియు సేవయే. ఊరు విడుచుటకు ముందు తాళపుచెవిని నలుగురి ఎదుట తగినవారి చేతి కిచ్చినవాడు గ్రంథాలయమును రెండు మారులు కాపాడినవాడగును.