కొరవ సొమ్ముకు ఊరి నిధి



పండిన పంటను పండినట్టే బస్తాలకెత్తి అమ్ముకోక, ఊళ్లోనే కాస్త మార్చి అమ్ముకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయని మేము చెబుతూనే ఉన్నాము. కందుల్ని పప్పు చేయడం, వేరుశనగ నూనె తీయడం, కొర్రలు, సామలు మరపట్టి బియ్యం చేయడం, మిరప పొడి కొట్టడం, ఇవన్నీ ఊళ్లో చేయదగిన పనులే. చెప్పడానికేం, ఎన్నైనా చెప్పవచ్చు. తీరా ఒక ఇల్లాలో, చదువుకుని ఊళ్లో నిలిచిపోయిన ఒక కుర్రవాడో చేద్దామని ముందుకు వస్తే ఏమవుతున్నది? బ్యాంకు అప్పు మంజూరవుతుంది. చేతిలో ఉన్నది కొంత తీస్తారు. రెండూ కలిపినా ఇంకా కొంత తక్కువపడుతుంది. మనవైపు దీన్ని కొరవ అంటారు. ఈ కొరవ పూడక, మంజూరైన అప్పు కూడా వాడుకోలేక ఆగిపోయిన పనులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. అనంతపురం వైపు ఒక ఊళ్లో ఒక అక్కయ్య కరెంటు మోటారుతో తిరిగే కట్టె గానుగ పెట్టదలచిందనుకోండి. అంకెలు నేను అనుకున్నవే. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి. గానుగకు, మోటారుకు 2,60,000 రూపాయలు. కొట్టం బాగుచేయడానికి 50,000. కరెంటు కనెక్షనుకు, వైరింగుకు 30,000. తొలి సరుకు వేరుశనగ విత్తులకు, డబ్బాలకు 60,000. మొత్తం 4,00,000. బ్యాంకువారు నూటికి 75 వంతున 3,00,000 ఇస్తామన్నారు. ఆమె దగ్గర గేదెను అమ్మగా వచ్చినదీ, దాచినదీ కలిపి 40,000 ఉన్నది. ఇంకా 60,000 కొరవ.

చిత్రమేమంటే ఈ 60,000 తొలి సరుకు సొమ్ముతో సరిగా సమానం. ఇది నేను లెక్క కుదరడానికి పెట్టిన మాట కాదు. చాలామంది యంత్రం ధర పైసలతో సహా చెబుతారు. యంత్రంలో పోయవలసిన సరుకు మాట మరచిపోతారు. బ్యాంకు కాగితాల్లోనూ యంత్రం స్పష్టంగా ఉంటుంది, కొటేషను ఉంటుంది, బిల్లు ఉంటుంది. మూటల్లో కొనే విత్తుల్ని బిల్లుతో చూపడం కష్టం. అందుచేత గానుగ బిగించి, కొబ్బరికాయ కొట్టి, ఆపైన తలుపు మూసుకుని కూర్చోవలసి వస్తుంది. గానుగ తిరగకపోయినా బ్యాంకు వడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

సబ్సిడీ వస్తుంది గదా, దానితో సర్దుకుంటామని కొందరంటారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్ని చూడండి. అందులో గ్రామాల్లో పెట్టే పరిశ్రమకు నూటికి 25, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు మొదలైన వారికి నూటికి 35 వంతున సబ్సిడీ పెట్టారు. కాని ఆ సొమ్ము మీ చేతికి రాదు. మీ పేర బ్యాంకులోనే మూడేళ్లు నిలవ ఉండి, పని సాగుతున్నదని చూసిన పిదప అప్పులో జమ అవుతుంది. 2020లో చిన్న ఆహార పరిశ్రమల కోసం వచ్చిన కేంద్ర పథకంలోనూ సబ్సిడీ నూటికి 35, గరిష్ఠం 10 లక్షలు. సొంత సొమ్ము నూటికి 10కి తగ్గరాదన్నారు. ఆ సబ్సిడీ కూడా అప్పు ఖాతాలోనే పడుతుంది. అంటే సబ్సిడీ చివర బరువు తగ్గిస్తుందే గాని మొదట గానుగలో విత్తులు పోయదు. పథకాల గడువులు మారుతూ ఉంటాయి గనుక ఈనాడు ఏది అమలులో ఉన్నదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, ఆ తరువాతే దానిమీద ఆశ పెట్టుకోండి.

మరి 60,000 ఎక్కడ తేవాలి? పూర్వం ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండేది. 1951-52లో దేశమంతటా గ్రామీణ పరపతి సర్వే జరిగింది. గోర్వాలా కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. రైతుకు పుట్టే ప్రతి 100 రూపాయల అప్పులో దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారులవీ, అప్పులిచ్చే పెద్ద రైతులవీ అని తేలింది. సహకార సంఘాల వంతు 3 రూపాయల చిల్లర. పరిస్థితి తరువాత చాలా మారింది. కాని బ్యాంకు అప్పుకూ అవసరానికీ మధ్య ఉండే ఇరుకు సందులో మాత్రం ఆ పాత జవాబే ఇంకా కూర్చుని ఉంది: నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, ఒక్కొక్కచోట ఐదు.

ఇప్పుడు ఇంకొక జవాబు మన చేతిలోనే ఉన్నది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ప్రాంతంలో సారాకు ఎదురుతిరిగిన స్త్రీలను మీరు ఎరుగుదురు. 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బును రోజుకొక రూపాయిగా దాచే పొదుపు సంఘాలు ఆ దారినే పెరిగాయి. 1992లో నాబార్డు ఇటువంటి సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. పదిమందో పదిహేనుమందో కలిసినది సంఘం; ఊళ్లోని సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం; వాటిపైన మండల సమాఖ్య. ఈ అంచెలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2010లో సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల బాధ ముదిరి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చిన తరువాత, 2011లో స్త్రీనిధి అనే సహకార పరపతి సమాఖ్య ఏర్పడింది. సంఘం అడిగిన అప్పు 48 గంటల్లో అందించాలన్నది దాని ఏర్పాటు. కాలానికి సొమ్ము అందకపోవడమే మనిషిని వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కిస్తుంది గనుక ఈ 48 గంటల మాట చిన్నది కాదు.

పైన చెప్పిన 2020 పథకంలో ఇంకొక మంచి ఏర్పాటు చేశారు. ఆహార పదార్థాలు తయారుచేసే సంఘ సభ్యురాలికి మనిషికి 40,000 రూపాయల వరకు విత్తన ధనం అనుమతించారు. ఆ సొమ్ము సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది. సభ్యురాలికి మాత్రం అప్పుగానే వెళుతుంది. ఆమె తిరిగి కడితే ఇంకొకరికి అందుతుంది. సరుకుకూ చిన్న పనిముట్లకూ ఉద్దేశించిన సొమ్ము అది. కొరవ ఎక్కడ పడుతుందో ఎరిగినవారు ఎవరో ఆ నియమం రాసి ఉంటారని నాకు అనిపిస్తుంది.

సరే, అక్కయ్య లెక్కకు తిరిగి వద్దాం. గ్రామ సంఘం 60,000 రూపాయలను నూటికి నెలకు రూపాయి వడ్డీకి, రెండేళ్ల గడువుతో ఇచ్చిందనుకోండి. నెలకు అసలు 2,500, దానిపైన మిగిలిన అసలుకు వడ్డీ. మొదటి నెల కట్టవలసినది 3,100. నెలనెలా 25 రూపాయల చొప్పున తగ్గుతూ పోతుంది. రెండేళ్లకు వడ్డీ మొత్తం 7,500. అంటే 67,500 కట్టి చేతులు దులుపుకుంటుంది.

ఇదే సొమ్ము మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చిందనుకోండి. నెలకు 1,800 కడితే చాలు, అసలు ఎప్పుడైనా ఇవ్వవచ్చునంటాడు. 3,100 కన్న 1,800 తేలిక గదా అని మనసు అటే లాగుతుంది. లాగడం సహజమే, నేను తప్పుపట్టను. కాని రెండేళ్లకు 43,200 కట్టి చూసుకుంటే 60,000 అసలు ఇంకా నెత్తిమీదనే ఉంటుంది.

ఇప్పుడు గానుగ ఎన్ని రోజులు తిరగాలో చూద్దాం. ఊరివాళ్లు తెచ్చిన విత్తులు రోజుకు 60 కిలోలు ఆడుతుంది, కిలోకు 15 రూపాయల కూలి అనుకుంటే 900 వస్తుంది. పనిమనిషికీ కరెంటుకూ 300 పోగా రోజుకు మిగిలేది 600. బ్యాంకు అప్పు 3,00,000, నూటికి 11 వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే కిస్తు సుమారు 6,500. సంఘం కిస్తు 3,100 కలిపితే 9,600. దీన్ని 600తో భాగిస్తే 16. నెలకు పదహారు రోజులు గానుగ తిరిగితే కిస్తులు తీరతాయి. పదిహేడవ రోజునుంచి వచ్చేది ఇంటిది. తొలి సరుకుతో సొంతంగా తీసి అమ్మిన నూనె మీద వచ్చే లాభం దీనికి పైన. మొదటి ఏడాది దాన్ని లెక్కలో వేసుకోవద్దని నా సలహా.

ఎవరైనా వ్యాపారం పెడతామని వస్తే నేను అడిగించే లెక్క ఇదొక్కటే: నెలకు ఎన్ని రోజులు? ఇరవై రోజులు తిరుగుతుందని చెప్పడం సులువు. ఖరీఫు వేరుశనగ ఇళ్లకు చేరే నెలల్లో ఇరవై ఐదు రోజులైనా తిరుగుతుంది. జ్యేష్ఠ ఆషాఢాల్లో, ఉన్న కాయలన్నీ విత్తనానికి పోయినప్పుడు, పది రోజులు తిరిగితే గొప్ప. అందుచేత సంఘం కిస్తును పన్నెండు నెలలకూ ఒకే తీరుగా పెట్టక, పంట నెలల్లో హెచ్చుగా, ఆ రెండు మూడు నెలల్లో వడ్డీ మట్టుకే కట్టేటట్టు తీర్మానం చేసుకోవచ్చు. బ్యాంకు అంత తేలిగ్గా మారదు. ఊరి సంఘం మారగలదు.

ఇక సంఘం పక్షాన కూడా మాట్లాడాలి. నిధి ఎవరిది? నెలకు వందో రెండు వందలో దాచిన ఇరుగుపొరుగు అమ్మలది. బ్యాంకు అప్పుతో కొన్న గానుగ బ్యాంకుకే హామీగా ఉంటుంది. వ్యాపారం దెబ్బతింటే దానిమీద మొదటి హక్కు బ్యాంకుదే. సంఘానికి మిగిలేది తీర్మానం పుస్తకం, ఆమె మాట. అందుకనే సంఘం పెద్దలు మొహమాటానికి పోరాదు. బ్యాంకు మంజూరు ఉత్తరం కంటితో చూడకుండా కొరవ సొమ్ము విడుదల చేయవద్దు. బ్యాంకు అప్పు రాకపోతే ఈ 60,000తో సగం గానుగ ఎవరూ అమ్మరు. ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. కరెంటు డిపాజిట్టు సంఘమే కట్టి రసీదు తీసుకోవడం మేలు. ఉన్న నిధిలో పెద్ద భాగం ఒక్కరికే ఇచ్చి మిగతావారి అవసరాలు ఆపవద్దు. సర్పంచిగారి బంధువైనా, సంఘం అధ్యక్షురాలి కోడలైనా అడిగే కాగితాలు అవే అడగాలి. చెప్పడానికి కటువుగా ఉన్నా, సంఘాలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

అప్పు తీసుకునేవారు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. చిన్న పరిశ్రమకు ఒక పరిమితి వరకు ఇచ్చే అప్పుకు ఆస్తి తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు నియమం. తనఖాకు పొలం కాగితాలు తెమ్మంటే, ఆ నియమం సంగతి మర్యాదగా గుర్తుచేయండి, ఏమీ అనుకోరు. మీరు ఇదివరకు పంట అప్పు బకాయి పడి ఉంటే మాత్రం అది దాచవద్దు, ఎలాగూ వారి యంత్రంలో కనిపిస్తుంది.

విస్తరణ ఉద్యోగులకు రెండు మాటలు. మనలో చాలామందిమి దరఖాస్తు బ్యాంకులో ఇప్పించడంతో పని అయిపోయిందనుకుంటాము. దరఖాస్తు రాసేనాడే మూడు అంకెలు పక్కపక్కన వేయించండి: మొత్తం ఖర్చు, బ్యాంకు ఇచ్చేది, చేతిలో ఉన్నది. మిగిలిన అంకె ఎంతో అప్పుడే తెలిసిపోతుంది. ఆ అంకెతో గ్రామ సంఘం నెల సమావేశానికి మీరే స్వయంగా వెళ్లి కూర్చోండి. మంజూరు ఉత్తరం వచ్చాక అడగడం మొదలుపెడితే నెలలు దాటుతుంది. ఈలోగా పంట కాలం తప్పిపోతుంది. గానుగైనా, పప్పు మిల్లైనా కోతలకు నెల ముందు బిగించి ఉండాలి. ఆ లెక్కన అక్టోబరు, నవంబరులో కాయ ఇంటికి వచ్చే ఊళ్లో ఈ మూడంకెల కాగితం ఏప్రిల్లోనే తయారుకావాలి. లక్ష్యం పూర్తి చేయాలని, ఇష్టంలేని మనిషి చేత మట్టుకు గానుగ పెట్టించకండి. బిగించిన తరువాత మొదటి మూడు నెలలు నెలకొకసారి వెళ్లి, గోడమీది క్యాలెండరులో గానుగ తిరిగిన రోజులకు గీతలు పెట్టమనండి. గీతలు పదహారుకు తగ్గిన నెలనే సంఘానికి చెప్పి కిస్తు సర్దించండి. మూడు కిస్తులు తప్పినదాకా ఊరుకుంటే సర్దడానికి ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు.