కాల్చినవాళ్ళే బిల్లు పంపారు: డ్రెస్డెన్ సినగాగ్ కథ

ఒక ఊళ్ళో ఎవరి ప్రార్థనా మందిరం ఎక్కడుందో, అసలు ఉందో లేదో చూస్తే అక్కడ ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో యూదుల సినగాగ్ చరిత్రను మనం ఈ దృష్టితోనే చూడాలి.

డ్రెస్డెన్ శాక్సనీ రాజ్యానికి రాజధాని. అక్కడి యూదులకు బహిరంగంగా సినగాగ్ కట్టుకునే హక్కు చాలాకాలం లేదు. ఇళ్ళలోని గదుల్లోనే ప్రార్థనలు చేసుకునేవాళ్ళు. 1837 చట్టంతో మత సమాజంగా ఏర్పడే అవకాశం దొరికింది. వెంటనే, 1838లో ఎల్బే నది దగ్గర పని మొదలుపెట్టారు. నమూనా గీసింది గాట్‌ఫ్రీడ్ సెంపర్. 1840లో మందిరం తెరుచుకుంది. అంటే యూదులు నలుగురి కంటా పడే చోటికి వచ్చారన్నమాట. కానీ కట్టడం వచ్చినంత తొందరగా సమానత్వం రాలేదు. మతం ఆధారంగా పౌరహక్కుల్లో తేడా చూపడాన్ని రద్దుచేసిన ఉత్తర జర్మన్ సమాఖ్య చట్టం 1869లో గానీ రాలేదు.

ఆ హక్కుల్ని 1933 తర్వాత నాజీ రాజ్యం ఒక్కొక్కటిగా ఊడబెరికింది. 1938 నవంబరు 9 రాత్రి దేశమంతటా సినగాగులకు నిప్పు పెట్టారు. పక్క ఇళ్ళకు ముప్పు లేకపోతే తగలబడనివ్వండని పై నుంచి ఆదేశాలున్నాయి. డ్రెస్డెన్ సినగాగ్ కాలిపోయింది. మిగిలిన గోడల్ని కూల్చేసి, ఆ ఖర్చు యూదుల సమాజం నుంచే వసూలు చేశారు. అంతటితో ఆగలేదు. నవంబరు 12న దేశంలోని యూదులందరి మీదా 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. విరిగిన దుకాణాల్ని యూదులే బాగుచేయించుకోవాలి, బీమా సొమ్ము మాత్రం ప్రభుత్వానిది! దీన్ని ఆవేశంలో జరిగిన అల్లరి అనగలమా? దాడికి రాజ్యం అండ ఉంది. దాని వెనకే చట్టమూ, లెక్కల పుస్తకమూ నడిచాయి.

ఆ తర్వాత దేశబహిష్కరణలు, హత్యలు. 1945 ఫిబ్రవరి 13 నాటికి డ్రెస్డెన్‌లో మిగిలిన కొద్దిమందిలో చాలామంది యూదులు కానివాళ్ళను పెళ్ళాడినవాళ్ళే. వాళ్ళను కూడా తరలించేందుకు ఆ రోజే ఉత్తర్వులు పంచారు. అవి పంచే పని మీద పడినవాళ్ళలో విక్టర్ క్లెంపరర్ అనే యూదు పండితుడొకరు. ఆ రాత్రి నగరం మీద బాంబులు కురిశాయి. ఆ గందరగోళంలో బట్టల మీది పసుపు నక్షత్రం తీసేయడంతో ఆయన బతికి బయటపడ్డాడు.

సినగాగ్ మీది దావీదు నక్షత్రం కూడా బతికింది. ఆల్‌ఫ్రెడ్ నాయ్‌గెబవర్ అనే అగ్నిమాపక ఉద్యోగి దాన్ని దాచిపెట్టి, యుద్ధం అయ్యాక యూదుల సమాజానికి అప్పగించాడు. కొత్త సినగాగ్ 2001 నవంబరు 9న తెరుచుకుంది. ఆ నక్షత్రం ఇప్పుడు దాని వాకిలి పైన ఉంది. పాత మందిరం ఉన్న జాగాను పూర్తిగా నింపకుండా, ఆవరణలో దాని హద్దులు తెలిసేలా నేల మీద గాజు పెంకులు పరిచారు.

మళ్ళీ కట్టారు గదా, ఇంకేం అనేవాళ్ళు ఉంటారు. కట్టడం మళ్ళీ లేచింది, నిజమే. కాలిన మందిరానికి బాధితుల చేతే డబ్బు కట్టించిన పద్ధతిని మాత్రం మనం మరవకూడదు. ఆ బిల్లును దాటేసి చెప్పే చరిత్ర సగం చరిత్రే.