జలపాతానికి మొదటిసారి మనతోనే!

జక్రాన్‌పల్లి మండలంలో నీళ్లు కిందికి పడవు, పైకెక్కుతాయి. బోరు మోటార్లు భూమిలోంచి లాగుతాయి. అర్గుల్ రాజారాం పేరు పెట్టిన గుత్ప ఎత్తిపోతల పథకం శ్రీరాంసాగర్ నీటిని ఎత్తి పొలాలకు పోస్తుంది. పడే నీళ్లు చూడాలంటే పెర్కిట్ చౌరస్తా దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ ఘాట్ ఎక్కి, 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరడిగొండ దాకా పోవాలి. అక్కడి నుంచి ఎటు తిరిగినా కడెం వాగు చప్పుడే. పొచ్చెర, కుంతాల, గాయత్రి అన్నీ ఆ చుట్టుపక్కలవే.

పసుపు రైతుకు ఆ దారి పట్టే తీరిక దొరికేది దసరా ముందూ వెనకా. జూన్‌లో పసుపు పెట్టి, నడుమ వేసిన మక్క కోసేశాక కాస్త ఊపిరి ఆడుతుంది. తవ్వకాలు, ఉడకబెట్టడాలు సంక్రాంతి తర్వాతి మాట. జలపాతం కూడా చూడముచ్చటగా ఉండేది అప్పుడే. జులై, ఆగస్టుల్లో ఎర్రటి బురద నీరు విరుచుకుపడుతుంది. అక్టోబరుకు నీరు తేటపడి, కింద రాయి కనిపిస్తుంది. పిల్లలకు సెలవులూ అప్పుడే. సమస్యంతా వాళ్లను మనతో రమ్మని ఒప్పించడంలోనే ఉంది.

ఇంటర్‌లో చేరిన పిల్లగాడి చేతికి ఎప్పుడో ఒకప్పుడు బండి వస్తుంది. ఆ తర్వాతి ఆదివారమో, ఆ పై ఆదివారమో కుంతాల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పడుతుంది. ఇంట్లోవాళ్లకు తెలిసేది ఆ స్టేటస్ చూశాకే, అదీ వాళ్లకు కనబడకుండా పెట్టకపోతే! తిట్టి ఆపుదామంటే ఆగే వయసు కాదు. పోతారు, పోవాలి కూడా. కాకపోతే మొదటిసారి దోస్తులతో పోవద్దు. నా గట్టి మాట అదొక్కటే.

ఎందుకంటే పదహారేళ్ల పిల్లవాడు ఒక్కడే ఉన్నప్పుడు ఒక మనిషి, పక్కన దోస్తులుంటే ఇంకో మనిషి. 2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 13–16 ఏళ్ల పిల్లలతో, 18–22 ఏళ్ల యువకులతో, 24 దాటినవాళ్లతో కంప్యూటర్ మీద కారు ఆట ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఎంత దూరం పోయి ఆపుతారన్నదే పరీక్ష. ముందుకు పోయినకొద్దీ పాయింట్లు వస్తాయి, ఆలస్యం చేస్తే గోడకు గుద్దుకుంటారు. పక్కన తోటివాళ్లు చూస్తుంటే చిన్నపిల్లలు, యువకులు ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా రాలేదు. మన జలపాతాల దగ్గర జరిగిన ప్రమాదాల వార్తలు గుర్తు చేసుకోండి. చాలావాటిలో ‘స్నేహితులతో కలిసి వెళ్లి’ అన్న ముక్క ఉంటుంది.

అందుకే కిందటి వానాకాలం చివర మా అక్క కొడుకును పట్టుకుని బయల్దేరాం. బావ మస్కట్ నుంచి లీవు మీద వచ్చి ఉన్నాడు. ఆర్మూర్ ప్రాంతంలో ఇది చాలా ఇళ్ల కథ. పిల్లలకు నాయిన ఎక్కువగా వీడియో కాల్‌లోనే కనిపిస్తాడు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చి, కొడుకు తన ఎత్తు దాటాడని చూసి ఆశ్చర్యపోతాడు. ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియదు.

“నేను రాను మామా. దోస్తులతోటి పోత,” అన్నాడు అల్లుడు మొదట. “మీతోటి వస్తే ఫొటోలు గూడ దిగనియ్యరు.”

బతిమాలలేదు. దారి చూసే పని, ఊళ్లో మాట్లాడే పని, సద్ది సంచి మోసే పని వాడికే అప్పగించాం. ఎక్కడ ఆగాలో వాడే చెప్పాలి, వాడు ఆగమంటే పెద్దవాళ్లమైనా మేం ఆగాలి. ఈ ఏర్పాటు వాడికి నచ్చింది. టమాట తొక్కు డబ్బా ఒలికితే తనదే పూచీ అని అక్క చెప్పడం మాత్రం నచ్చలేదు.

కుంతాలకు మెట్లున్నాయి. 45 మీటర్ల ఎత్తు నుంచి పడే నీటిని చూడటానికి నాలుగు వందల దాకా మెట్లు దిగాలి. శివరాత్రికి సోమేశ్వరుడి దగ్గర జాతర జరిగేదీ అక్కడే. పొచ్చెర ఎత్తు 20 మీటర్లే అయినా గుండం లోతు చాలా ఎక్కువ, చూసి రావడమే మేలు. నడక కావాలంటే మాత్రం తర్నం ఖుర్ద్ ఊరి దగ్గరి గాయత్రికే పోవాలి. బండ్లు ఆపాక పత్తి చేన్ల గట్లు, ఆపైన చెట్ల మధ్య బాట, చివర లోయలోకి నిటారు దిగుడు. తోడు లేకుండా కొత్తవాళ్లు పోవద్దు. మేం పోయిందీ అక్కడికే, ఊళ్లో ఒక పెద్దాయన తోడు వస్తానన్నాడు.

మా చెలక నేలల్లో తిరిగిన కాళ్లకు ఆదిలాబాద్ నల్లరేగడి సంగతి తెలియదు. నాలుగు అడుగులకే చెప్పుల కింద కిలో మట్టి. బావ కొత్త బూట్లు గుర్తుపట్టరాకుండా అయ్యాయి. “డాడీ, ఆగు. గీ కట్టెతోటి గీకు,” అని అల్లుడు పుల్ల విరిచి ఇచ్చాడు. పొద్దున్నుంచి వాడు తండ్రితో సొంతంగా మాట్లాడింది అదే మొదలు. కాసేపటికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఎవరూ బాధపడలేదంటే నమ్మరు, బావ బాధపడ్డాడు.

లోయలోకి దిగాక పెద్దాయన ఒక చెట్టు కొమ్మను చూపించాడు. మా తలల కంటే ఎత్తున, కొమ్మల సందుల్లో ఎండిన గడ్డి, పుల్లలు, ఒక ప్లాస్టిక్ సంచి చిక్కుకుని ఉన్నాయి. వరద వచ్చినప్పుడు నీళ్లు అక్కడి దాకా వచ్చాయన్నమాట. అల్లుడు ఓసారి పైకి, ఓసారి మోకాలి లోతు కూడా లేని వాగులోకి చూశాడు. “ఇక్కడ వాన పడకుంటే గూడ వస్తదా?” అని అడిగాడు.

జవాబు చెప్పింది బావ. ఒమన్‌లో వాది అంటారు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే వాగు. వాన ఎక్కడో కొండల్లో పడుతుంది, వరద ఎండ కాస్తున్న చోటికి వస్తుంది. 2024 ఏప్రిల్‌లో అక్కడ అట్లాంటి వరదలోనే బడిపిల్లలు ప్రయాణిస్తున్న బండి కొట్టుకుపోయి పిల్లలు చనిపోయారు. “నీళ్ల రంగు మారిందంటే ఒక్క నిమిషం గూడ నిలవడొద్దు రా. సామాను గీమాను చూసుకోవద్దు. ముందు గడ్డకెక్కాలె,” అన్నాడు. మస్కట్ గురించి జీతం, క్యాంపు గది తప్ప ఇంకేదీ ఇంట్లో చెప్పని మనిషి, ఆ రాతి మీద కూర్చుని చాలాసేపు చెప్పాడు. కొడుకు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు.

ఆ మాటలు ఏ ఇంట్లోనైనా చెప్పదగ్గవే. కడెం వాగుకు నీళ్లు బోథ్, బజార్‌హత్నూర్ గుట్టల నుంచి వస్తాయి. అక్కడ కురిసిన వాన ఇక్కడి ఆకాశంలో కనిపించదు. తేట నీరు బురదబారినా, ఆకులూ పుల్లలూ తేలుతూ వచ్చినా, చప్పుడు బరువెక్కినా పైకి పొమ్మని అర్థం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మందికి అట్లా పైకెక్కే వ్యవధి కూడా దొరకలేదు. పైన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్లలో వాళ్లు కొట్టుకుపోయారు.

ఇంకో సంగతి ఈత వచ్చినవాళ్లకే ఎక్కువ చెప్పాలి. బావిలో ఈత వేరు, జలపాతం గుండంలో ఈత వేరు. నీళ్లు పడే చోట తెల్లగా లేచే నురగలో సగం గాలి ఉంటుంది, అది మనిషిని తేల్చదు. పైనుంచి పడే ధార కిందికి నొక్కుతుంది, సుడి మళ్లీ ధార కిందికే లాగుతుంది. పాకుడు పట్టిన రాయి మీద నిలబడి సెల్ఫీ తీసుకునేవాడికి జారడానికి వెనక్కి ఒక్క అడుగు చాలు. ఫొటో వద్దనలేదు మేం. ఎక్కడ నిలబడాలో వాడినే చూపించమన్నాం. ఎండిన, గరుకైన బండ వెతికి, కాలితో రుద్ది చూసి నిలబడ్డాడు. నాలుగు బోర్డులు పెట్టినా రాని తెలివి అది.

బోర్డులు, కంచెలు అక్కర్లేదని కాదు. కంచె దూకడమే సరదా అయిన వయసుకు కంచె ఒక్కటే చాలదు.

ఎక్కేటప్పుడు మాకు ఆయాసం వచ్చింది. అల్లుడు ముందు నడుస్తూ ఆగి, తండ్రి చేతిలో సంచి కూడా తీసుకున్నాడు. తిరుగుదారిలో అంకాపూర్ దేశీ కోడి కూర కోసం ముందే ఫోన్ చేసి చెప్పాలని గుర్తుచేసిందీ వాడే. పెర్కిట్ దగ్గర అటు తిరగడానికి కాస్త చుట్టయినా ఆ విషయంలో ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట.

ఈ దసరాకు మీ ఇంట్లో పదో తరగతి దాటిన బిడ్డ ఉంటే, బండి తాళం చేతికివ్వకముందే ఒక్కసారి మీరు తీసుకుపోండి. పెద్ద వాన కురిసి ఒకటి రెండు రోజులు కాకుంటే ప్రయాణం ఆపండి. పొద్దున ఆరింటికల్లా ఆర్మూర్ దాటండి, ఊళ్లో తెలిసినవాళ్లను తోడు తీసుకోండి, మూడింటికల్లా లోయలోంచి పైకి వచ్చేయండి. దారి మాత్రం బిడ్డనే చూపించనివ్వండి.